చెప్పు జారినా తెలియడం లేదా?

ముదినేపల్లిలో మా ఓ.పి.కి ఈమధ్య ఒక పెద్దాయన వచ్చారు. చేపల చెరువు దగ్గర కాపలా ఉంటారు. కాలి బొటనవేలి కింద పుండు. నత్తగుల్ల గుచ్చుకుని వారమైందట.

"నొప్పి లేదా?" అని అడిగాను.

"గుచ్చుకున్న సంగతే తెలీదండి. కాలి నుంచి చెప్పు జారిపోయినా వెనకనుంచి మా మనవడు కేకేస్తేగాని తెలియడం లేదు" అన్నారు.

ఆయనకు ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది. మాత్రలు మానేసి ఆరు నెలలైంది. "పెరట్లో బిళ్ళగన్నేరు ఆకులు రోజూ పరగడుపున ఐదేసి నములుతున్నానండి. ఆకే గదా, ఏం చేస్తుంది?" అన్నారు.

పాఠకులారా! మీలోనూ ఈ ఆకు నమిలేవారు ఉండే ఉంటారు. అందుకని ఆయనకు చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. అయితే ముందు నరం సంగతి తెలియాలి.

నడుము దగ్గర వెన్నెముక పక్కన మొదలై కాలి వేలి కొసదాకా సాగే నరకణాలు మనలో ఉన్నాయి. ఒక్కొక్క కణం పొడవు సుమారు 1 మీటరు! దానికి కావలసిన ప్రోటీన్లు చాలావరకు తయారయ్యేది వెన్ను దగ్గరే. అక్కడి సరుకు వేలి కొసకు చేరాలి. నీళ్ళలో సిరాచుక్కలా తనంతట తాను వ్యాపించి చేరాలంటే మనిషి ఆయుష్షు చాలదు.

అందుకే కణంలో గట్ల వంటి దారులు ఉన్నాయి. వీటిని మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ ఇటుకలతో కట్టిన సన్నని గొట్టాలివి. మందం 25 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 40 వేలో వంతు. చెరువు గట్టుమీద కావడి మోసుకుపోయే మనిషిలా, ఈ గొట్టం మీద సరుకు మోసుకుపోయే ప్రోటీను ఉంది. దాని పేరు కైనెసిన్. దానిని 1985లో వేల్, రీస్, షీట్జ్ అనే శాస్త్రజ్ఞులు సముద్రజీవి స్క్విడ్ నరాలలో కనిపెట్టారు. దానికి రెండు పాదాలు. ఒకటి గట్టిగా ఆనాకే రెండోది ఎత్తుతుంది. అడుగుకు 8 నానోమీటర్లు. ఆ లెక్కన వెన్ను నుంచి వేలిదాకా సుమారు 12.5 కోట్ల అడుగులు! మోసేవాళ్ళు దారిలో మారుతుంటారనుకోండి. వేగంగా వెళ్ళే సరుకు రోజుకు 20 నుంచి 40 సెంటీమీటర్లు సాగి, మూడు నుంచి ఐదు రోజుల్లో చేరుతుంది. పాతబడిన సరుకునూ, వేలి దగ్గరి కబుర్లనూ వెనక్కి తెచ్చేది డైనీన్ అనే మరో ప్రోటీను.

కైనెసిన్ వేసే ప్రతి అడుగుకూ ఒక ఏ.టి.పి. అణువు ఖర్చవుతుంది. ఈ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి వెలికితీసిన వారెవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టారు.

ఇప్పుడు ఆకు సంగతి. బిళ్ళగన్నేరు ఆకు కషాయం షుగరుకు మంచిదన్న నమ్మకం జమైకాలోనూ ఉండేది. అక్కడినుంచి 1952లో కెనడాలోని నోబుల్ అనే డాక్టరుకు ఆకులు అందాయి. ఎలుకలకు పట్టిస్తే షుగరు తగ్గలేదు. ఆకు సారాన్ని ఇంజెక్షనుగా ఇస్తే రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి! ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్, తరవాత విన్‌క్రిస్టిన్ అనే కాన్సరు మందులు వచ్చాయి. అవి చేసే పని ఏమిటంటే, ట్యుబ్యులిన్ ఇటుకలను పట్టుకుని గొట్టాలు కట్టనివ్వకపోవడం. కణం రెండుగా చీలడానికి ఆ గొట్టాలే కావాలి గనుక కాన్సరు కణం ఆగిపోతుంది. ల్యుకీమియా పిల్లలకు విన్‌క్రిస్టిన్ ప్రాణదాత. కాని నరంలో దారి కూడా అవే గొట్టాలు గదా! అందుకే ఆ పిల్లల్లో కొందరికి కాలివేళ్ళు తిమ్మిరెక్కుతాయి, పాదం ఈడుస్తారు. రోడ్డు తెగితే అన్నిటికన్నా దూరపు ఊరికే ముందు సరుకు అందదు. కాళ్ళకు ముందు రావడం అందువల్లే.

పెద్దాయన పాదం మొద్దుబారింది ఆకు వల్లనే అని నేననను. ఏళ్ళతరబడి అదుపు తప్పిన షుగరే అందుకు చాలు. అది నరానికి రక్తం తెచ్చే సన్నని నాళాలనూ, నరంలోని ఈ రవాణానూ కూడా దెబ్బతీస్తుంది. ఆకులో ఆ మందు ఉండేది బహు స్వల్పం. కాని ఏ మొక్కలో ఎంతుందో తూచగలవారు పెరట్లో ఎవరూ లేరు. షుగరును నికరంగా తగ్గిస్తుందనడానికి మనుషుల్లో గట్టి రుజువు లేదు. పైగా దాన్ని నమ్ముకుని ఆయన మాత్రలు మానేశారు. అసలు నష్టం అదే.

పుండు శుభ్రం చేసి, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాం. నెలన్నరకు మానింది. వేలు దక్కింది. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు.

షుగరు ఉన్నవారు రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి. వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్ళను చూడమనండి. గట్టుమీద వట్టి కాళ్ళతో నడవకండి. వేణ్ణీళ్ళలో పాదం పెట్టేముందు ఇంట్లో ఇంకొకరిచేత వేడి చూపించుకోండి. కాయలను బ్లేడుతో కోసుకోకండి. ఏడాదికోసారి పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. అది ఐదు నిమిషాల పని. డాక్టరును అడగకుండా మాత్రలు మానకండి. మీ బిడ్డ విన్‌క్రిస్టిన్ మీద ఉండి అడుగు తడబడుతుంటే, మందు మాన్పించకుండా వెంటనే ఆ డాక్టరుకే చెప్పండి.

బిళ్ళగన్నేరును పూలకోసం పెంచుకోండి. ఆకు మాత్రం నోట పెట్టకండి.