బోటుకి ఒక ఇంజనా, రెండా? మా తండా లెక్క



అనంతపురం వాళ్లు పడవ ఇంజన్ గురించి పోస్టు పెట్టడమేందని కొందరికి నవ్వు రావచ్చు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే కరువు నేల మాది. అయినా మా కాడ నీళ్లుండాయి. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌కి, మిడ్ పెన్నార్‌కి వస్తాయి. శ్రీశైలం నీళ్లు హంద్రీ-నీవా కాలువలో జీడిపల్లి దాకా వస్తాయి. చేలో శనక్కాయ ఎండిపోయిన ఏడు కూడా ఈ నీళ్లలో బొచ్చె, రోహు పెరుగుతాయి. మా సుగాలి తండాలో కొన్ని ఇళ్లు బెంగళూరు కూలికి పోకుండా నిలబడింది ఈ చేపల మీదే.

ఇప్పటిదాకా మాకుండేది పుట్టి, తెడ్డు. సాయంత్రం వల వేసి తెల్లారి తీస్తాం. రిజర్వాయర్ నిండుగా ఉన్నప్పుడు వల కాడికి పోయి వచ్చేసరికి రెక్కలు పడిపోతాయి. అందుకే లైసెన్సులున్న ఆరు ఇళ్లోళ్లం కలిసి ఒక ఫైబర్ బోటు కొనాలనుకున్నాం. బోటు గురించి ఎవరికీ గొడవ లేదు. దాని వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్ ఒకటి చాలా, రెండు కావాల్నా అనే కాడ తండా రెండుగా చీలింది.

మా అమ్మలు, పెద్దోళ్లు రెండు కావాలన్నారు. "ఒకటి ఆగిపోతే ఇంకోటి ఇంటికి తెస్తాది గదా నాయనా" అనేది వాళ్ల మాట. ఆ మాటని తేలిగ్గా తీసెయ్యలేం. ఆషాఢంలో మా పడమటి గాలి ఎట్లుంటాదో రామగిరి గాలిమరల్ని చూసినోళ్లకి తెలుసు. ఆ గాలికి రిజర్వాయర్‌లో కూడా అలలు లేస్తాయి. నడి నీళ్లలో ఇంజన్ ఆగితే బోటు గాలి ఎటు తోస్తే అటు పోతాది.

అందుకని మేము ముందు వేసుకున్న ప్రశ్న ఇది: మా నీళ్లలో ఇంజన్ ఎందుకు ఆగుతాది?

ఒకటి, పెట్రోలు. డబ్బా అడుగున నీళ్లు చేరితే ఇంజన్ దగ్గి ఆగిపోతాది. రెండు, బురద. ఈ ఇంజన్లు చాలావరకు చుట్టూ ఉన్న నీళ్లనే పీల్చుకొని చల్లబడతాయి. పక్కనుంచి సన్నగా ధార చిమ్ముతాంటే బాగున్నట్టు. ధార ఆగితే వెంటనే ఇంజన్ ఆపాల, లేకుంటే వేడెక్కి కాలిపోతాది. మూడు, మునిగిన తుమ్మ మోడులు, తెగిన వలలు, నాచు. ఇవి ఫ్యానుకి చుట్టుకుంటాయి, లేదా దాన్ని కొడతాయి. నాలుగు, ప్లగ్గు పోవడం, స్టార్టు తాడు తెగడం.

రెండో ఇంజన్ నిజంగా కాపాడేది నాలుగోదాన్నుంచి. మొదటి మూడింటిలో రెండు ఇంజన్లూ ఒకే డబ్బాలో పెట్రోలు తాగుతాయి, ఒకే బురద నీళ్లు పీలుస్తాయి, ఒకే మోడుల మీదుగా పోతాయి. మొదటిదాన్ని ఆపిన కారణం రెండోదాన్ని కూడా ఆపొచ్చు.

ఇది తండాలో అర్థం కావడానికి బోర్ల మాట చెప్పినాం. ఒక బోరు ఎండిందని అప్పు చేసి అదే చేలో రెండో బోరు వేసినోళ్లు మా పక్క ఎంతమంది! భూమి లోపల ఉండేది ఒకే నీళ్లు. మొదటిది ఎండినంక రెండోది ఎన్నాళ్లు పోస్తాది? అప్పు మాత్రం రెండు బోర్లకీ మిగిలింది. ఈ మాట విన్నాక రెండు ఇంజన్లన్న పెద్దాయనే "అయితే రెండోది వేరే నీళ్లు తాగేదై ఉండాల" అన్నాడు. మా లెక్క మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ఇంక బరువు. 9.9 హార్స్‌పవర్ ఇంజన్ ఒకటి దగ్గర దగ్గర 40 కిలోలుంటాది. 5 హార్స్‌పవర్‌వి రెండు పెడితే 50 దాటుతాది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఆ బరువుని భుజాన వేసుకొని మోకాటి లోతు బురదలో నడవాల్సింది మేమే. వేగం కూడా రెట్టింపు కాదు. చేపలు, వలలు నింపుకున్న బోటు నీళ్లని తోసుకుంటా పోతాది. హార్స్‌పవర్ పెంచేకొద్దీ పెట్రోలు పెరిగినంతగా వేగం పెరగదు.

సబ్సిడీ వస్తాది గదా అని ఒక తమ్ముడు అడిగినాడు. 2020లో వచ్చిన మత్స్య సంపద యోజనలో ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి యూనిట్ ఖర్చులో 60 శాతం దాకా సాయం పెట్టినారు. మంచిదే, అడిగి తీసుకోవాల్సిందే. కానీ అది కొనేటప్పటి సాయం. రెండో ఇంజన్‌కి ఆయిలు, ప్లగ్గులు, సర్వీసు ఏటేటా మన జేబులోంచే పోతాయి. ఆ డబ్బు మా ఆరు ఇళ్లల్లో ఎవరో ఒక పిల్లోడి హాస్టల్ ఖర్చు.

రెండు ఇంజన్లు తప్పని అనడంలేదు. ఒడ్డు కనపడనంత దూరం సముద్రంలోకి పోయేవాళ్లకి తెడ్డు ఇల్లు చేర్చదు. కేరళలో పెద్ద రింగు వలలు వేసే వళ్లాలకి రెండు మూడు ఇంజన్లు కట్టినారు, ఆ వల బరువు, ఎక్కే మనుషుల లెక్క అట్లాంటివి. మాకు ఎటు చూసినా ఒడ్డు కనపడతాది.

ఇంకో సంగతి. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరదలో కచ్చులూరు కాడ పర్యాటకుల బోటు మునిగింది. ఆ రోజు 26 మంది బతికి బయటపడినారంటే, ఒడ్డునున్న మన గిరిజనులు తమ పడవలేసుకొని ఎదురుపోయినందుకే. నీళ్ల మీద మనిషికి చివరి దిక్కు ఇంకో పడవ, ఒంటి మీద జాకెట్టు.

కాబట్టి మేము తేల్చుకున్నది: ఇంజన్ ఒక్కటే. పెట్రోలుకి రెండు డబ్బాలు, వేరువేరుగా. వడపోయకుండా పెట్రోలు పొయ్యం. విడి ప్లగ్గు, స్టార్టు తాడు, ఫ్యాను ఊడితే వేసేందుకు పిన్ను ఒక డబ్బాలో బోటులోనే ఉంటాయి. రెండు జతల తెడ్లు. ఎక్కిన ప్రతి ఒక్కరికీ జాకెట్టు, అది వేసుకోనోడు ఎక్కకూడదు. బోటు నీళ్లలో ఉన్నంతసేపు పుట్టితో ఒకరు ఒడ్డున ఉండాల. ఆషాఢం గాలి లేచిన పొద్దు పోనేపోం.

వేరే నీళ్లు తాగే రెండో ఇంజన్ మాకు ఆ తెడ్డే. అమ్మలు కూడా ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: మగపిల్లలతో పాటు ఆడపిల్లలకీ తెడ్డెయ్యడం, ఈత నేర్పాల.

శ్రీశైలం పక్క చెంచు తమ్ముళ్లు, గోదావరి ఏజెన్సీ అన్నలు, అక్కలు, మీరు నీళ్ల మీద మాకంటే ఎక్కువ కాలం బతికినోళ్లు. మా లెక్కలో ఏదైనా వదిలేసి ఉంటే బోటు కొనకముందే చెప్పండి.