తాటాకు గిడుగు

అనకాపల్లి జిల్లాలో అడ్డరోడ్డు వద్ద జాతీయ రహదారిని విడిచి నర్సీపట్నం దారి పడితే కోటవురట్ల వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది విశాఖపట్నం జిల్లాలోని మండలం. దారి పొడవునా చెరకు తోటలు, వరి మళ్లు, గట్ల మీద తాడిచెట్లు.

నేను వెళ్లినది నాట్ల కాలం. సన్నగా వాన పడుతోంది. మడిలో వంగి నాట్లు వేస్తున్నవారందరూ ప్లాస్టిక్ సంచులను తలమీదుగా కప్పుకున్నారు. గట్టు సరిచేస్తున్న ఒక వృద్ధుని తలమీద మాత్రం తాటాకు గిడుగు ఉంది. గిడుగు అనే మాట తెలుగువారికి ఇంటిపేరుగా పరిచయమే. ఉత్తరాంధ్ర రైతుకు మాత్రం అది చేతితో పట్టుకోనక్కరలేని గొడుగు. తలమీద దానంతట అదే నిలుస్తుంది, రెండు చేతులూ పనికి మిగులుతాయి.

దానిని ఆయనే అల్లుకున్నాడట. లేత ఆకును ఎండబెట్టి, ఈనె తీసి, పాయలుగా చీల్చాలి. అల్లేముందు నీళ్లతో తడపాలి, లేకుంటే ఆకు విరుగుతుంది. సన్నని వెదురు బద్దలతో చట్రం కట్టి, దానిమీద ఆకును సందు లేకుండా పరచి కుట్టాలి. కుట్టు వదులైతే మొదటి వానకే నీరు దిగుతుంది.

లోకంలో పేరున్న టోపీలు చాలా ఉన్నాయి. ఉన్నిని తడిపి, వేడిచేసి, అదిమి గట్టిపరచిన రూమీ టోపీ ఒకనాడు హైదరాబాదులో హోదాకు చిహ్నం. తుర్కియే 1925లో దానిని చట్టంతో నిషేధించింది. ఈక్వెడార్‌లో నారతో అల్లే టోపీ కళను యునెస్కో 2012లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. కోటవురట్లకు దగ్గరలోని ఏటికొప్పాక లక్కబొమ్మలకు కూడా 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పొలంలో తడిసే మనిషిని కాపాడిన గిడుగు మాత్రం పేరు లేకుండానే కనుమరుగవుతోంది.

"నాకొకటి అల్లి ఇస్తావా తాతా?" అని అడిగాను. రెండు వందలు అన్నాడు. అలవాటు కొద్దీ, "నూట యాభైకి రాదా?" అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. "ఆకు దింపినోడికి కొంత ఇయ్యాల బాబూ, ఎదురుకి కొంత. మిగిలింది రెండ్రోజుల కూలి. ఎంత తగ్గించాలో మీరే సెప్పండి" అన్నాడు.

నాకు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) గుర్తుకు వచ్చారు. మదాయిన్‌కు పాలకులై ఉండి కూడా ఆయన ఖర్జూరపు ఆకులు అల్లి జీవించారని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఒక దిర్హముకు ఆకులు కొని, అల్లినదానిని మూడు దిర్హములకు అమ్మేవారు. ఒకటి మళ్లీ ఆకులకు, ఒకటి కుటుంబానికి, ఒకటి దానానికి. ఈ వృద్ధుడు చెప్పిన లెక్క కూడా అటువంటిదే. నేను తగ్గించమన్న యాభై రూపాయలు ఆకులోంచి రావు, వెదురులోంచి రావు, ఆయన కుటుంబపు వాటాలోంచే రావాలి.

అడిగిన ధర ఇచ్చాను. మీ పిల్లలకు ఈ పని నేర్పారా అని అడిగితే, "కొనేవోళ్లుంటే గదా నేర్సుకునేది" అన్నాడు.

వారం తరువాత వెళ్లి తెచ్చుకున్న ఆ గిడుగు ఇప్పుడు మా వసారాలో వేలాడుతోంది. పెద్ద దుకాణంలో చీటీమీది ధరను మారుమాట లేకుండా చెల్లించే మనం, చేతిపనివాని ముందు మాత్రమే బేరమాడతాము. వాన పడినప్పుడు మా చిన్నవాడు దానిని పెట్టుకుని పెరట్లోకి పరుగెడతాడు. ఇంతవరకు ఒక్క చుక్క కూడా లోపలికి దిగలేదు.