ఒత్తులు తర్వాత చెప్తామన్నం

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మేం పోతిరెడ్డిపల్లిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. మా రూములో ముగ్గురం. ముగ్గురి ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్ వెనక సందులో నారాయణఖేడ్ దిక్కు తండాల నుంచి వచ్చినోళ్లు కిరాయికుంటరు. ఆడ, మగ అందరూ బిల్డింగ్ పనులకు పోతరు. ఒకరోజు ఒక కాకి బ్యాంకు ఫారం నింపించుకోను వచ్చి, "మాక్కూడా నేర్పుండ్రి బేటా" అన్నది. అట్ల రాత్రి ఎనిమిదింటికి డాబా మీద బడి మొదలైంది. ఏడుగురు ఆడోళ్లు, ఒక ముసలాయన.

మాకొచ్చిన పద్ధతే పట్టుకున్నం. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. వారం దాటకముందే ముగ్గురు మానేసిన్రు. తప్పు వాళ్లది కాదు. మన గోర్ బోలిలో అమ్మ అంటే యాడి, రొట్టె బాటి, నీళ్లు పాణి. ఇంట్ల బోలి మాట్లాడి, బళ్లె తెలుగు వినలేక దిక్కులు చూసిన రోజులు మాకూ ఉన్నయి. అయినా మర్చిపోయినం.

మన బోలికి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటం. అందుకే అఆల వరస పక్కన పెట్టి 'బాటి', 'పాణి'తో మళ్లీ మొదలుపెట్టినం. బా, టి, పా, ణి విడదీసి, దీర్ఘం, గుడి అక్కడే చూపించినం. మానేసినోళ్లు తిరిగొచ్చిన్రు. 'కాకి' అని రాసి తెలుగులో ఇది పిట్ట అంటే, "మరి నేనెవర్ని?" అని కాకి పడీపడీ నవ్వింది. మనకు కాకి అంటే చిన్నమ్మ గదా!

ఒత్తులు మాత్రం కష్టమని, "తర్వాత చెప్తం" అన్నం.

రెండో నెలలో అదే కాకి మేస్త్రీ ఇచ్చిన లెక్క చీటీ తెచ్చింది. అంకెలు ఆమెకు ముందే వచ్చు. తన పేరు చదివింది. కింద 1500 రెండు చోట్ల ఉంది, దాని ముందున్న మాట రాలేదు. "అ..." అని ఆగిపోయింది. అది 'అడ్వాన్స్'. డ కింద వ ఒత్తు, న కింద స ఒత్తు. ఆమె తీసుకున్నది ఒక్కసారి, కోసింది రెండుసార్లు.

"ఇది ఎందుకు చెప్పలే బేటా?" అనడిగింది. మా దగ్గర జవాబు లేదు. మాకేది సులువో చూసుకున్నం, ఆమెకేది అవసరమో అడగలే.

తెల్లారి ఆమే పోయి చీటీ మీద వేలు పెట్టి చూపించింది. పొరపాటైందని మేస్త్రీ ఒకటి కొట్టేసిండు. కానీ ఆ వారం మూడు రోజులు ఆమెను పనికి పిలవలేదు. ఆ కూలి పోగా ఏం మిగిలిందో మీరే లెక్కేయండి. రాత్రి బడికి మాత్రం ఒక్కరోజు తప్పలేదు. ఇప్పుడు మా పాఠాలు: హాజరు, కూలి, బాకీ, అడ్వాన్స్, సంతకం.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తంలో గిరిజనుల అక్షరాస్యత 59 శాతం. మన తెలంగాణలో 50 కూడా లేదు. చదువొస్తే ఏమైతదని అడిగేటోళ్లకు నెల్లూరు జిల్లా సంగతి చెప్పాలె. 1990ల మొదట్లో అక్కడ రాత్రి బడుల్లో సారా మీద పాఠం చదివిన ఆడోళ్లు దూబగుంటలో సారా అమ్మకం ఆపించిన్రు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా పోయింది. తమ ఇంటి బాధ పాఠంలో కనపడ్డది కాబట్టే కదిలిన్రు.

ఒక మాట దాచకుండా చెప్తున్నం. మా ముగ్గురి యాడీలు ఇప్పటికీ వేలిముద్రే. సెలవులకు ఇంటికి పోయి, తిని, పడుకుని, ఫోన్ చూసుకుని వచ్చినం. ఈ దసరాకు నోటుబుక్కులు పట్టుకపోతున్నం. మొదటి మాట ఏం రాయాల్నో యాడినే అడుగుతం. మీ తండాలో, మీ గూడెంలో మీ అమ్మను కూడా అడగండి. ఏం చెప్పిందో మాకు రాయండి.