పెడల్ పైకి రాకపోతే

పాడేరు చుట్టుపక్కల చాలా ఊళ్లకు జీపు లేకపోతే సంత లేదు, ఆసుపత్రి లేదు. పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల వైపు లోపలికి వెళ్తే బస్సు తిరగలేని దారులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ దారుల్లో మనుషుల్నీ, పసుపు బస్తాల్నీ, కాఫీ గింజల మూటల్నీ, జ్వరంతో ఉన్న పిల్లల్నీ మోసుకొచ్చేది జీపే. ఆ జీపుల్ని తిరిగేలా ఉంచడం నా వృత్తి. ఇంజను విప్పుతాను, గేరుబాక్సు దింపుతాను, బ్రేకులు చేస్తాను. కానీ డ్రైవర్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కువగా నేర్పే పని ఒకటే: క్లచ్ పెడల్ స్ప్రింగ్ ఇంటి దగ్గరే మార్చుకోవడం.

"ఏటి మేస్త్రీ, చిన్న స్ప్రింగే కదా" అంటారు. చిన్నదే. దాని పని మాత్రం చిన్నది కాదు.

మా ప్రాంతంలో తిరిగేవి ఎక్కువగా పాత మహీంద్రా జీపులు. 1940ల చివర అమెరికా విల్లీస్ జీపుల్ని ముంబయిలో బిగించడంతో మొదలైన వరస అది. తరవాత పెట్రోలు పోయి డీజిలు వచ్చింది, ఎంఎం 540 వచ్చింది, కమాండర్ వచ్చింది. నా చేతికొచ్చే పాత బండ్లలో క్లచ్ పెడల్ అడుగు రేకు కిందికి దిగి, ఛాసిస్ పక్కన ఒక షాఫ్టు మీద ఊగుతుంది. మనం తొక్కితే ఆ కదలిక రాడ్ల ద్వారా ఫోర్క్‌కు, ఫోర్క్ నుంచి రిలీజ్ బేరింగ్‌కు చేరుతుంది. బేరింగ్ ముందుకు జరిగి ప్రెజర్ ప్లేటు ఫింగర్లను నొక్కుతుంది. క్లచ్ ప్లేటు మీద పట్టు వదులుతుంది, గేరు పడుతుంది. కాలు తీస్తే ఫింగర్లు బేరింగ్‌ను వెనక్కి నెడతాయి గానీ, కొంతవరకే. అక్కణ్నుంచి పెడల్‌ను పూర్తిగా పైకి లాగి, బేరింగ్ ఫింగర్లకు తగలకుండా చూసేది పెడల్ స్ప్రింగ్. దాని ఒక కొక్కెం పెడల్ కాడకు ఉంటుంది, రెండోది ఛాసిస్‌కు.

అది తెగితే బండి ఆగిపోదు. ప్రమాదం అక్కడే ఉంది. పెడల్ కాస్త కిందికి వాలుతుంది, క్లచ్ పనిచేస్తూనే ఉంటుంది, డ్రైవరు ఆ రోజు ట్రిప్పులు పూర్తి చేసేస్తాడు. కానీ పెడల్ బరువంతా రాడ్ల మీదుగా బేరింగ్ మీద పడుతుంది. తొక్కినప్పుడు మాత్రమే తిరగాల్సిన బేరింగ్ ఇంజను నడిచినంతసేపూ తిరుగుతుంది. వేడికి అందులో గ్రీజు ఆరిపోతుంది. రాసుకుని రాసుకుని ఫింగర్ల కొనలు కూడా అరుగుతాయి. బేరింగ్ పోయిందంటే గేరుబాక్సు దింపాలి. ఫోర్‌వీల్ జీపైతే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు కూడా విప్పాలి. సంత రోజున బండి షెడ్డులో పడి ఉంటే ఆ ఇంటికి ఆ వారం రాబడి ఉండదు.

ముందు రోగం ఇదేనని తేల్చుకోవాలి. ఇంజను స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, పెడల్ మీద కాలు పెట్టకుండా వినండి. సన్నగా కీచుమంటుంటే పాదం కొన పెడల్ కిందికి దూర్చి మెల్లగా పైకి ఎత్తండి. చప్పుడు ఆగిందా, బేరింగ్ ఫింగర్లను రాసుకుంటోందన్నమాట. స్ప్రింగ్ చూడాలి. ఎత్తినా ఆగక, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడే ఆగితే ఆ చప్పుడు ఎక్కువగా గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్‌ది. స్ప్రింగ్ మార్చినంత మాత్రాన అది పోదు. కాలు తీసినప్పుడు లేకుండా, తొక్కగానే అరుపు మొదలైతే రిలీజ్ బేరింగ్ ఇప్పటికే దెబ్బతింది.

తెగిన స్ప్రింగ్‌ను పారేయకండి. ఎక్కడ తెగిందో చూస్తే కారణం సగం దొరుకుతుంది. నడుమ చుట్ల దగ్గర తెగడం తక్కువ, ఎక్కువగా కొక్కెం వంగిన చోట తెగుతుంది. లాగుడంతా ఆ వంపులోనే పడుతుంది మరి. మా మన్యంలో వానాకాలమంతా ఎర్ర బురద అక్కడ పేరుకుని తడి ఆరదు. తుప్పు సన్నటి గుంటలు చేస్తుంది, గుంటలోంచి పగులు పుడుతుంది, ఘాట్‌లో గేరు మార్చిన ప్రతిసారీ ఆ పగులు కొద్దికొద్దిగా పెరుగుతుంది. కొన్ని బండ్లలో కొక్కెం తగిలించే రంధ్రం కోలగా అరిగి అంచు పదునెక్కి ఉంటుంది. ఇంకొన్నింట్లో పెడల్ షాఫ్టు బుష్‌లో గ్రీజు ఉండదు. పెడల్ బిగుసుకుంటుంది, ఆ బిగువునంతా పాపం స్ప్రింగే లాగాలి.

హుకుంపేట దగ్గర ఒక డ్రైవరు వాకిట్లో ఈ పని నేర్పుతున్నప్పుడు వాళ్ల నాన్న పక్కన కూర్చుని చూస్తున్నాడు. "తగిలించేస్తే అయిపోద్ది కదా బాబూ, ఇంతసేపు ఏటి చూస్తన్నావు?" అన్నాడు. గ్రీజు నిపిల్ చూపించాను. దాని నోటి మీద బండికి వేసిన రంగు అలాగే ఉంది. రంగు వేసిన రోజు నుంచీ అందులోకి గ్రీజు వెళ్లలేదన్నమాట. "మావా, పెడల్ బిగుసుకుపోయి స్ప్రింగ్‌ను తెంపేసింది. కొత్తది పెట్టినా తెంపేస్తుంది" అన్నాను. ఆయన తలూపి కొడుకుతో అన్నాడు: "ఎద్దు కుంటుతుంటే కాడి మారిస్తే ఏటి లాభం, గిట్ట చూడాల." నేను అంతసేపు చెప్పిన పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. స్ప్రింగ్ మార్చడం సగం పని, ఎందుకు తెగిందో చూడడం మిగతా సగం.

కొత్త స్ప్రింగ్ కొనడానికి వెళ్తే పాత ముక్కలన్నీ పట్టుకెళ్లండి. తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల పొడవు, కొక్కేలు ఏ వైపు తిరిగి ఉన్నాయి, ఈ నాలుగూ కలవాలి. సైకిల్ ట్యూబు ముక్క కట్టడం, మోటారు సైకిల్ స్టాండు స్ప్రింగ్ తగిలించడం దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికే. బలం తక్కువైన స్ప్రింగ్ పెడల్‌ను చివరిదాకా లాగదు. బలం ఎక్కువైతే పెడల్ బరువెక్కి, ఘాట్ దిగేసరికి డ్రైవరు ఎడమ మోకాలు పట్టేస్తుంది. పొడవు సరిపోలేదని కొక్కేన్ని గ్యాసు మంటతో కాల్చి వంచడం అన్నిటికంటే చెడ్డ పని. కాలిన చోట ఉక్కు పదును పోయి మెత్తబడుతుంది, కొన్నాళ్లకే కొక్కెం సాగిపోతుంది.

ఇక పని. బండిని చదును నేల మీద నిలపండి. ఇంజను ఆపి గేరులో ఉంచండి, హ్యాండ్ బ్రేక్ లాగండి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. జీపు ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ అక్కర్లేదు, గోనెపట్టా పరుచుకుని కిందికి దూరొచ్చు. జాకీ ఎక్కించిన బండి కిందికి మాత్రం ఎవరూ వెళ్లకండి. ఇంజనూ సైలెన్సరూ చల్లారాకే మొదలుపెట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి. బిగువు మీద ఉన్న స్ప్రింగ్ జారితే నేరుగా మొహానికే వస్తుంది. పాతది తెగకుండా సాగిపోయి ఉంటే, దాని మీద గుడ్డ కప్పి, మొహం పక్కకు పెట్టి ఊడదీయండి.

తరవాత శుభ్రం. వైర్ బ్రష్‌తో పెడల్ కాడ, ఛాసిస్ మీద కొక్కెం తగిలే చోటు, రాడ్ల కీళ్లు గీకి డీజిలు గుడ్డతో తుడవండి. స్ప్రింగ్ లేకుండా పెడల్‌ను చేత్తో ఆడించి చూడడానికి ఇదే సమయం. ఎక్కడా పట్టకుండా సులువుగా ఆడాలి. పట్టేస్తుంటే నిపిల్ శుభ్రం చేసి, పాత నల్ల గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించండి. పక్కలకు ఊగుతుంటే బుష్ అరిగింది, దాన్ని మార్చాల్సిందే. రంధ్రం అంచు పదునుగా ఉంటే సన్నటి ఆకురాయితో గుండ్రం చేయండి. క్లచ్ హౌసింగ్‌లోకి మాత్రం గ్రీజూ డీజిలూ పోకూడదు. ప్లేటుకు జిడ్డు అంటితే క్లచ్ జారుతుంది.

తగిలించేటప్పుడు చెయ్యి అందని వైపు కొక్కేన్ని ముందు పెట్టండి. పెడల్ పూర్తిగా పైన ఉన్నప్పుడే స్ప్రింగ్‌కు లాగుడు అన్నిటికంటే తక్కువ. కాబట్టి ఇంట్లోవాళ్లు ఒకరు పైన కూర్చుని పెడల్‌ను పైకి ఎత్తి పట్టుకోవాలి. రెండో కొక్కేనికి గట్టి నైలాన్ తాడు వేసి, తాడు కొసకు స్పానర్ అడ్డంగా కట్టి లాగితే చేతికి పట్టు దొరుకుతుంది. వైసు ఉన్నవాళ్లకు ఇంకా తేలికైన ఉపాయం ఉంది. ఒక కొక్కేన్ని వైసులో బిగించి స్ప్రింగ్‌ను పక్కకు వంచితే ఒక వైపు చుట్లు విచ్చుకుంటాయి. ఆ సందుల్లో సన్నటి వాషర్లు దూర్చాలి. రెండో వైపుకు వంచి అటూ దూర్చాలి. స్ప్రింగ్ సాగినట్టే నిలిచి ఉంటుంది, చేత్తోనే తగిలించొచ్చు. ఆనక పెడల్ తొక్కితే చుట్లు విచ్చుకుని వాషర్లు రాలతాయి. చుట్ల మధ్య ఒక్కటి కూడా మిగలకుండా ఏరుకోండి. చివరగా రెండు కొక్కేలకూ కాస్త గ్రీజు రాయండి, అరుగుడూ తుప్పూ రెండూ తగ్గుతాయి.

అంతటితో లేచిపోకూడదు. పెడల్‌ను చేత్తో నొక్కి ఫ్రీ ప్లే చూడండి. సులువుగా కిందికి దిగి, తరవాత బరువు తగలాలి. ఆ సులువైన దూరం పాత జీపుల్లో ముప్పావు నుంచి ఒక అంగుళం దాకా ఉండేలా పెడతాను. ఫోర్క్ దగ్గర రాడ్‌కు ఉన్న నట్టు తిప్పి దాన్ని సరిచేసి, లాక్ నట్టు బిగించాలి. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ ఈ దూరం తగ్గుతూ వస్తుంది. అసలు లేకుండా పోతే, స్ప్రింగ్ కొత్తదైనా బేరింగ్ ఫింగర్లకు తగులుతూనే ఉంటుంది. అందుకే నెలకోసారి చూసుకోమంటాను.

ఇదంతా రాడ్లతో నడిచే క్లచ్ సంగతి. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కొత్త బండ్లలో పెడల్ కింద పడిపోతే ముందు ఫ్లూయిడ్ మట్టం, లీకులు చూడాలి. కొన్నింట్లో డ్యాష్‌బోర్డు కింద పెడల్ దగ్గర బలమైన సాయపు స్ప్రింగ్ ఉంటుంది. కాలికి భారం తగ్గించడం దాని పని. అది ఇరుకు చోట చాలా బిగువు మీద ఉంటుంది, దాని జోలికి ఇంట్లో వెళ్లకండి.

కొత్త స్ప్రింగ్ కూడా కొద్ది నెలల్లోనే తెగితే ఇంకొకటి కొనకండి. బండి తీసుకుని రండి. షాఫ్టు వంగిందో, బ్రాకెట్ పక్కకు జరిగి స్ప్రింగ్ ఏటవాలుగా లాగుతోందో, ఇంజను మౌంటింగులు దిగిపోయి రాడ్ల వరస మారిందో చూడాలి.

ఈ పని అందరికీ నేర్పేస్తే నీ షెడ్డు ఎలా నడుస్తుందని తోటి మేస్త్రీలు అడుగుతుంటారు. గేరుబాక్సు దింపితే కూలి ఎక్కువే వస్తుంది. కానీ వానాకాలంలో లోపలి ఊరి నుంచి రావాల్సిన జీపు రాకపోతే పోయేది ఒక డ్రైవరు కూలి ఒక్కటే కాదు, ఆ దారి మీద ఆధారపడ్డ ఊళ్లన్నీ ఆగిపోతాయి. ఆ ఊళ్లలో షెడ్డు లేదు, నేనూ ఉండను. ఉండేది డ్రైవరే. అందుకే అతని టూల్ బాక్సులో ఒక స్ప్రింగ్, ఒక గ్రీజు డబ్బా, చేతిలో ఈ పని ఉండాలని పట్టుబడతాను.