తక్‌పట్టీ అడిగి తీసుకుంటాం, ఎఫ్‌ఐఆర్ కాపీ ఎందుకు అడగం?

ఈసారి పోస్టు వరి గురించి కాదు, పురుగుమందుల గురించి కాదు. పొలం నుంచి పట్నానికి బండి నడిపే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే ముచ్చట. కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి.

నేను ఆదివారాలు యాప్రాల్‌లో కూరగాయలు అమ్ముతానని మీలో కొందరికి తెలుసు. పోయిన వానాకాలంలో ఒకరోజు మా బావ కూడా తోడు వచ్చిండు. ట్రాలీ ఆటో రోడ్డు పక్కన ఆపి గంపలు దింపుతుంటే వెనక నుంచి ఒక కారు వచ్చి గుద్దింది. వంకాయలు రోడ్డంతా పడ్డయి. బావ మోకాలు పట్టుకొని కూలబడ్డడు.

జనం పోగయ్యారు. "పోలీసులు, కోర్టులు మీకెందుకు, మాట్లాడుకోండి" అన్నారు. కారాయన ఐదు వేలు చేతిలో పెట్టిండు. బావ కూడా "పోనీ తియ్" అన్నడు. నేను తీసుకున్న. అదే నేను చేసిన తప్పు. మా చిన్నోడు కారు నంబరు కనపడేటట్టు ఫోన్‌లో ఫొటో తీసిండు. ఆ రోజు మేం చేసిన తెలివైన పని అదొక్కటే.

తెల్లారి కాలు వాచింది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగిందన్నారు, ఆపరేషన్ అన్నారు. ఐదు వేలు పరీక్షలకే సరిపోలేదు. ఆసుపత్రిలో "ఎట్ల జరిగింది" అని అడిగితే, జారి పడ్డడని చెప్పబోయిన. ఎందుకో నోరు రాలేదు. కారు గుద్దిందని ఉన్నదున్నట్టు చెప్పిన. వాళ్ళు మెడికో లీగల్ కేసుగా రాసుకున్నారు. తర్వాత మాకు ఆధారంగా నిలబడింది ఆ రాతే.

మూడో రోజు స్టేషన్‌కు పోతే "ఇది మా హద్దులోకి రాదు" అన్నారు. రెండో చోటికి పోతే "అప్పుడే ఎందుకు రాలేదు" అన్నారు. ఇంటికొచ్చి తల పట్టుకున్న. యాప్రాల్‌లో మిలిటరీ నుంచి రిటైరైన వాళ్ళు చాలామంది ఉంటరు కదా. నా దగ్గర ఆకుకూరలు కొనే ఒక సుబేదార్ సాబ్ విషయం విని, "తెల్లకాగితం తీసుకో, నేను చెప్పింది రాయి" అన్నడు. ఆయన చెప్పినవి, తర్వాత వకీలు దగ్గర తెలుసుకున్నవి మీకోసం రాస్తున్న.

ఒకటి. ఫిర్యాదులో తేదీ, టైము, చోటు, కారు నంబరు, ఎవరికి ఏ దెబ్బ తగిలింది, ఏ ఆసుపత్రిలో చూపించాం, ఆలస్యం ఎందుకైంది, అన్నీ రాయాలి. మేం ఐదు వేలు తీసుకున్న సంగతి కూడా దాచలేదు.

రెండు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. అందులో 173వ సెక్షన్ ప్రకారం హద్దు ఏదైనా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటరు. తర్వాత సంబంధిత స్టేషన్‌కు వాళ్ళే పంపాలి.

మూడు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్ళకు గానీ, దెబ్బ తగిలినవాళ్ళకు గానీ ఉచితంగా ఇవ్వాలి. ఇది కూడా 173లోనే ఉంది. పైసలు అడిగే హక్కు ఎవరికీ లేదు. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, సున్నితమైన కేసులు తప్ప. నంబరు, స్టేషన్ పేరు రాసి పెట్టుకోండి.

నాలుగు. తీసుకోకుంటే అదే ఫిర్యాదు ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి రిజిస్టర్ పోస్టులో పంపాలి. అక్కడా కదలకుంటే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు.

ఐదు. పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ రూలు ఉంది. అదే రోజు నుంచి ఇంకోటి కూడా వచ్చింది. దర్యాప్తు చేసే పోలీసు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. వాటి కాపీలు అడిగి తీసుకోండి.

ఫిర్యాదు ఆలస్యమైందని భయపడకండి. ఎఫ్‌ఐఆర్ లేటైందన్న ఒక్క కారణంతో పరిహారం దరఖాస్తు కొట్టేయొద్దని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ఆలస్యానికి కారణం చూపాలె. ఎవరికీ దెబ్బ తగలక బండికి సొట్ట మాత్రమే పడితే ముందు మీ బీమా కంపెనీని అడగండి. అలాంటి వాటికి చాలాసార్లు ఎఫ్‌ఐఆర్ అవసరం పడదు.

ఆ కాగితం పట్టుకొని పోతే ఐదో రోజు కేసు నమోదైంది. కాపీ చేతికొచ్చిన రోజు బావ మంచం మీద కూర్చొని దాన్ని రెండుసార్లు చదివించుకున్నడు. "మనం చెప్పింది అబద్ధం కాదని వీళ్ళు రాసిన్రు కదరా" అన్నడు. ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేసినం, ఇంకా నడుస్తున్నది. బావ యాసంగి నాటు వేయలేకపోయిండు. ఆ ఎకరం పడావు పడ్డది. ఇప్పటికీ గట్టు మీద నడుస్తుంటే కాలు ఈడుస్తడు. అది చూసినప్పుడల్లా ఆ ఐదు వేలే యాదికొస్తయి.

మార్కెట్‌కు సరుకు తోలితే తక్‌పట్టీ లేకుండా ఇంటికి వస్తమా? కిలో తేడా వచ్చినా నిలదీస్తం. మరి మనిషి కాలు విరిగితే చీటీ లేకుండా ఎట్ల వచ్చిన? కేసు అంటే ఎవరి మీదో పగ కాదు. ఫలానా రోజు ఫలానా చోట ఇది జరిగిందని రాసిపెట్టే లెక్క.

రోడ్డు మీద ఎంత తొందరున్నా కారు నంబరు ఫొటో తీయండి, ఆసుపత్రిలో నిజం చెప్పండి, రాజీ కంటే ముందు డాక్టరుకు చూపించుకోండి. మీ ఊళ్ళో బండి నడిపే పిల్లలకు ఇది చదివి వినిపించండి.