ఫిర్యాదుకు గడి లేని పోర్టల్

2025 జూన్ 3 నుంచి 20 దాకా తెలంగాణ పల్లెల్లో రెవెన్యూ సదస్సులు జరిగాయి. అందులో ఒకటి చూద్దామని ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక ఊరికి వెళ్లాను. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, దాని కింద బల్లలు, బల్లల వెనక తహసీల్దారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, సర్వేయర్. రైతుల చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, వాటిలో పాత పహాణీల నకళ్లు, రంగు వెలిసిన పాస్‌బుక్కులు, మీసేవ రశీదులు. దరఖాస్తు ఫారానికి పైసా తీసుకోవడం లేదు. రాయలేనివారికి పక్క బల్ల దగ్గర రాసిపెడుతున్నారు. పైకి చూస్తే ఇది భూమి తగాదాల సభ. ఆ కాగితాల్లో ఏముందో అడిగి తెలుసుకుంటే మాత్రం, చాలా గోడుల వెనక ఒక కంప్యూటర్ వ్యవస్థ కనబడుతుంది. అక్కడ నిలబడి చూసినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒక్కటే. సాఫ్ట్‌వేర్ కట్టే రోజునే దానిమీద వచ్చే ఫిర్యాదుకూ దారి వేయాలి. వేయకపోతే తయారుచేసినవారి తప్పుకు వాడుకునేవారు జరిమానా కడతారు.

ఆ వ్యవస్థ పేరు ధరణి, రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్. 2020 అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో మొదలైంది. అంతకు ముందు నెలలోనే గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దయింది, 1971 నాటి భూ హక్కుల రికార్డు (ఆర్‌ఓఆర్) చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ధరణి చేసిన మేలు కాదనలేనిది. తహసీల్దారే జాయింట్ సబ్‌రిజిస్ట్రార్ కావడంతో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే చోట, ఒకే పూట అయిపోయేవి. రికార్డు చక్కగా ఉన్న రైతుకు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. రికార్డు సరిగా లేని రైతు సంగతే వేరు. ధరణిలోకి ఎక్కిన సమాచారం 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన నాటిది. ఆ పనిని నెలల్లో ముగించారు. తేలని ఖాతాలను పార్ట్-బి అని పక్కన పెట్టారు. ఆ హడావుడిలో పడిన తప్పులన్నీ కొత్త పోర్టల్‌లోకి వచ్చి కూర్చున్నాయి.

సదస్సులో చెవిన పడిన మాటలన్నీ ఆ తప్పుల పేర్లే. మిస్సింగ్ సర్వే నంబర్, విస్తీర్ణంలో తేడా, డీఎస్ (డిజిటల్ సంతకం) పెండింగ్, నిషేధిత జాబితా. ఒక సర్వే నంబరులో కొన్ని గుంటలు ప్రభుత్వానివైతే, ఆ నంబరు మొత్తాన్నీ నిషేధిత జాబితాలో పడేసిన సందర్భాలు రాష్ట్రమంతటా ఉన్నాయి. ఇలాంటివి దిద్దే ఆప్షన్లు ధరణి మొదలైననాడు చాలావరకు లేవు. తర్వాత ఒక్కొక్కటే అతికిస్తూ పోతే మాడ్యూళ్లు ముప్పై దాటాయి. టీఎం-33 అనే మాడ్యూల్ పేరు పల్లెల్లో కూడా నలిగింది. తన బాధ ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో రైతే తేల్చుకుని రుసుము కట్టాల్సి వచ్చేది, ఎంపిక తప్పితే దరఖాస్తు తిరిగి వచ్చేది. ఎందుకు తిరిగి వచ్చిందో చాలాసార్లు తెలిసేది కాదు. ఎదురుగా కూర్చున్న తహసీల్దారుకు తప్పు కళ్లకు కనబడుతున్నా దిద్దే అధికారం ఉండేది కాదు. అది కలెక్టరు దగ్గర ఉండేది. ఆయన ఉత్తర్వు మీద అప్పీలుకు 2020 చట్టంలో చోటు ఉండేది కాదు, సివిల్ కోర్టుకు పోవాల్సి వచ్చేది. అర ఎకరం రైతు కోర్టు ఖర్చు భరించగలడా అన్న ప్రశ్న ఆ డిజైన్ గీసిన చోట ఎవరూ వేసుకున్నట్టు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. తప్పు పాత రికార్డులది, సాఫ్ట్‌వేర్‌ను అనడం దేనికి అని. సగం నిజమే. పహాణీలో తప్పులు నిజాం కాలం నుంచీ ఉన్నాయి. కానీ పాత పహాణీలో తప్పు ఉంటే, విచారణ చేసి దిద్దే అధికారి మండలంలో ఉండేవాడు, ఆయన మీద ఆర్డీవో ఉండేవాడు. పోర్టల్ ఆ తప్పును గడ్డకట్టించి, దిద్దే చేతులను కట్టేసింది. చట్టం రాసినవారు, తెర రూపొందించినవారు ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం అది. ఇంకొందరు లెక్క చూపిస్తారు. లక్షల లావాదేవీలు సాఫీగా జరిగాయి, ఫిర్యాదు చేసింది కొద్దిమందే కదా అని. కానీ నష్టం సగటున పంచుకునేది కాదు. పాస్‌బుక్ లేకపోతే రైతుబంధు సాయం పడేది కాదు, బ్యాంకు పంట రుణం ఇచ్చేది కాదు, బిడ్డ పెళ్లికి అమ్ముకుందామంటే రిజిస్ట్రేషన్ అయ్యేది కాదు. పైగా ఆ కొద్దిమంది అంత కొద్దిమందీ కాదు. 2024 మార్చి మొదట్లో ప్రత్యేక డ్రైవ్ పెట్టేనాటికి పెండింగులో ఉన్న దరఖాస్తులే సుమారు 2.45 లక్షలు.

ఇది మన దగ్గరి రోగమే అనుకోనక్కర్లేదు. బ్రిటన్ పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు, తయారీదారు ఫుజిత్సు. లెక్కలో డబ్బు తక్కువ చూపిస్తే ఆ లోటు పోస్టాఫీసు నడిపే సబ్‌పోస్ట్‌మాస్టరే కట్టాల్సి వచ్చేది. బ్రిడ్లింగ్టన్ ఊళ్లో సబ్‌పోస్ట్‌మాస్టర్ లీ కాస్టిల్‌టన్ హెల్ప్‌లైన్‌కు 91 సార్లు ఫోన్ చేశారు. ఫలితం లేకపోగా, పోస్టాఫీసు సంస్థ వేసిన దావాలో ఓడి, కోర్టు ఖర్చుల కింద 3.21 లక్షల పౌండ్లు మీద పడి దివాలా తీశారు. ఇలాంటి బాధ మీ ఒక్కరికే వచ్చిందని చాలామంది సబ్‌పోస్ట్‌మాస్టర్లకు చెప్పారు. అవతల తయారీదారు ఇంజనీర్ల దగ్గర తెలిసిన లోపాల చిట్టా ఉంది. మొత్తం 900 మందికి పైగా సబ్‌పోస్ట్‌మాస్టర్లపై నేరస్తుల ముద్ర పడింది. బాధితుల్లో 555 మంది, వారిలో ఒకరైన అలన్ బేట్స్ ముందుండగా కలిసి దావా వేస్తే, సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని హైకోర్టు 2019 డిసెంబరులో తేల్చింది. ధరణిని, హొరైజన్‌ను ఒకే తూకం వేయను. కానీ రెండు చోట్లా కంప్యూటర్ చెప్పిందే సత్యమని ముందే నమ్మారు, కాదని నిరూపించే బరువంతా ఆధారాలు చేతిలో లేని మనిషి మీద పెట్టారు. రెండు చోట్లా ఫిర్యాదుదారులు ఒకరికొకరు కనబడలేదు. సదస్సు గొప్పతనం నాకు ఇక్కడే తెలిసింది. ఒకే సర్వే నంబరు రైతులు ఒకే బల్ల ముందు నిలబడేసరికి, అది తమ ఖర్మ కాదనీ, వ్యవస్థలోని లోపమనీ అందరికీ ఒక్కసారే అర్థమవుతుంది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి మారింది. కొత్త చట్టం తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీవోకు, ఆపైన కలెక్టరుకు అప్పీలు ఇచ్చింది. దీన్ని శంకించేవారి మాట తేలిగ్గా తీసేయలేం. కింది స్థాయిలో అధికారం పెడితే లంచం మళ్లీ మొదలవుతుందని వారి భయం. వీఆర్వోలను తీసేసినప్పుడు చెప్పిన కారణమూ అదే. కానీ అధికారం పై స్థాయికి పోయినంత మాత్రాన లంచం ఆగదు. దారి తెలిసిన దళారి పుడతాడు. లంచాన్ని అదుపు చేయాలంటే దిద్దిన ప్రతి అక్షరం ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో దిద్దారో రికార్డులో ఉండాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ పని సాఫ్ట్‌వేర్‌కు బాగా వచ్చు. పక్కవాడి భూమి తనదని దొంగ దరఖాస్తు పెట్టేవారి బెడదకూ మందు ఇదే. విచారణ, కారణం, అప్పీలు ఉన్న చోట అబద్ధమూ నిలవదు.

జూన్ సదస్సుల్లో వచ్చిన దరఖాస్తులు 8 లక్షలు దాటాయి. ఇన్ని కాగితాలు తీసుకోవడం ఫిర్యాదు వినడం అవుతుంది గానీ తీర్చడం కాదు. రైతు చెప్పిన గోడును చివరికి మళ్లీ ఏదో ఒక పద్దు కింద కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అక్కడ ఇమడని మాట ఈసారీ జారిపోవచ్చు. కాబట్టి ఆ 8 లక్షల కాగితాలను విడివిడి సమస్యలుగా పరిష్కరించి వదిలేయకుండా, ఏ తప్పు ఎన్ని ఊళ్లలో వచ్చిందో లెక్కకట్టి జనం ముందు పెట్టాలి. ఆ లెక్క ప్రోగ్రామర్ల బల్ల మీదికి వెళ్లాలి. ఒకే రకం తప్పు వేల ఖాతాల్లో ఉంటే వేలమంది రైతులు వేల దరఖాస్తులు పెట్టడమెందుకు? ప్రభుత్వమే తనంతట తాను దిద్దాలి. తెర గీసేవారు కూడా ఏడాదికి కొన్ని రోజులైనా ఈ షామియానా కింద కూర్చుని, ఏ ఆప్షనూ సరిపోని రైతు మాటను రైతు మాటల్లోనే వినాలి. రేపు ఏ శాఖ ఏ పోర్టల్ ప్రారంభించినా, ఎన్ని నిమిషాల్లో పని అవుతుందని అడిగే ముందు మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఇందులో తప్పు పడితే మా ఊరికి ఎంత దూరంలో, ఎవరు, ఎన్ని రోజుల్లో దిద్దుతారు? దానికి జవాబు చెప్పలేని పోర్టల్‌కు ప్రారంభోత్సవం చేయకూడదు.