ఇష్టపడితే... ఉద్యోగమే పాట!

తెలతెలవారుతుంటే గుణదల కొండ కింది ఇళ్లల్లోనూ ఒకప్పుడు కాఫీ వాసనతోపాటే రేడియో పాట... అదే భక్తిరంజని! విజయవాడ ఆకాశవాణిలో దానికి ప్రాణం పోసింది బాలాంత్రపు రజనీకాంతరావు. 1941లో మద్రాసు కేంద్రంలో కొలువుకు చేరారాయన. అప్పజెప్పిన పని చేసి జీతం తీసుకుంటే కాదనేవారెవరు? కానీ ఆయన పాటలు రాశారు, బాణీలు కట్టారు. వాగ్గేయకారుల చరిత్రను గ్రంథంగా తెచ్చి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మరుగునపడ్డ తత్వాలూ కీర్తనలూ ఆ మమకారంతోనే మైకు ముందుకొచ్చాయి. 2018లో ఆయన కన్నుమూశారు. పై అధికారి ఆదేశిస్తే పని జరుగుతుంది... కొత్త ఆలోచన మాత్రం పనిని సొంతమనుకున్నవాళ్లకే తడుతుంది. అలా అనుకునే చోటు మన ఆఫీసుల్లో ఉందా మరి?